నా తప్పు యాదమ్మ ఒప్పుకుంది

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. రెండే మాటలు. "నేను చెప్పలే." అంతే. ఆ రెండు మాటల వల్ల ఒక మనిషి పదకొండేళ్లు మందిరంలో చెప్పుల పక్కన కూర్చుంది. నేను మాత్రం ముందు వరసకు వెళ్లాను. తర్వాత ఇంకా ముందుకు వెళ్లాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకు చెబితే భుజం తట్టి "పోనీలే" అంటారు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. మీరు కూడా ఓదార్చకండి. ఈ మధ్య ఎవరు ఓదార్చినా నాకు ఒళ్లు మండుతోంది. ఊరికే వినండి.

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కడం నా పని. గిరాకీ లేనప్పుడు చదువుకునేవాడిని. పోస్టులో వేదాంత పాఠాలు తెప్పించుకుని, చెక్కే మిషను పక్కన పెట్టుకుని, లోహపు పొడి దులుపుకుంటూ చదివేవాడిని. మా సంఘం చిన్నది. సైదాబాద్‌లో ఒక ఇంటి పై అంతస్తులో మందిరం. నలభై, యాభై మందిమి. నాకు నాలుగు ముక్కలు తెలుసని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, బుధవారాలు ఇళ్లలో పాఠం చెప్పే పని నాకు అప్పగించారు. అలా శాలిబండలో యాదమ్మ ఇంటికి వెళ్లడం మొదలైంది.

యాదమ్మది పాల వ్యాపారం. నాలుగు బర్రెలు. ఇంట్లో మిగతావాళ్లందరూ హిందువులే. ఆమె ఒక్కతే మందిరానికి వచ్చేది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమని పెద్దలు చెబితే, ప్రభువు ఈ పేరుతో పిలిస్తేనే కదా ఆయన దగ్గరికి వచ్చిన, ఇప్పుడెందుకు మార్చాలె అందట. చదువు రాదు. కానీ విన్నది మరిచిపోయేది కాదు.

ఒక బుధవారం ఆమె పాఠం వినలేదు. రొమ్ములో గడ్డ అన్నారట, ఆపరేషన్ అన్నారట. వణికిపోతోంది. అంతకు ముందు ఆదివారమే అయ్యగారు ప్రసంగంలో, భయపడేవాడికి విశ్వాసం లేనట్టే అన్నారు. ఆమెకు గడ్డ కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. భయమవుతోంది కాబట్టి తనకు విశ్వాసం లేదని, విశ్వాసం లేదు కాబట్టి దేవుడు ఆపరేషన్ గదిలోకి తనతో రాడని అనుకుంటోంది.

అప్పుడు నేను చెప్పాను. స్పష్టంగా, నా నోటితో చెప్పాను. యేసు కూడా భయపడ్డాడమ్మా అన్నాను. గెత్సేమనే తోటలో, తెల్లారితే చంపుతారని తెలిసి, నేల మీద పడి, ఇది నాకు తప్పించమని తండ్రిని అడిగాడు. చెమటలు కారాయి. అది నటన కాదు. ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి కూడా. మనిషికి ఉండే భయం ఆయనకూ ఉంది. భయపడటం పాపమైతే ఆయన కూడా పాపి అవ్వాలి, కాడు కదా.

ఇది నేను కల్పించిన మాట కాదు. ఆయన దేవుడా, మనిషా, రెండూ అయితే ఎలా కుదురుతుంది అని తొలినాటి క్రైస్తవులు వందల ఏళ్లు తన్నుకున్నారు. ఆ శరీరం ఉత్త వేషమే అన్నవాళ్లున్నారు. ఆయన దైవత్వంలో మనిషితనం కరిగిపోయింది అన్నవాళ్లున్నారు. చివరికి ఆనాటి సంఘాల నాయకులు సభ పెట్టి తేల్చారు: పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, ఒకటి ఇంకోదాన్ని మింగలేదు. నా పాఠాల్లో ఇదంతా ఉంది. పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దీన్ని గుర్తుపెట్టుకోండి. తెలియక అబద్ధం చెప్పినవాడిని కాను నేను.

ఆమె ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. కుట్లు మానాక ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి నిలబడింది. మా దగ్గర అది ఆచారం, మేలు పొందినవాళ్లు లేచి నలుగురి ముందు చెప్పాలి. మస్తు భయపడ్డానని చెప్పింది. నా ప్రభువు కూడా భయపడ్డాడని యాదికొచ్చిందని, భయం తెలిసినవాడు చెయ్యి పట్టుకున్నట్టు అనిపించిందని చెప్పింది. నలుగురైదుగురు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అయ్యగారి ముఖం మాత్రం మాడిపోయింది.

కూడిక అయ్యాక పక్క గదిలోకి పిలిచారు. అయ్యగారు, ఇద్దరు సంఘ పెద్దలు, యాదమ్మ, నేను. ఆ గదిలో జరిగిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"దేవుడు భయపడ్డడా అమ్మా? ఆయనే భయపడితే ఇగ మనకు దిక్కెవరు?" అన్నారు అయ్యగారు. అప్పుడు కోపం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన గొంతులో ఉన్నదీ భయమే. "ఆయన మనిషితనం ఎట్లాంటిదో చెప్త విను. పాల సముద్రంల ఒక్క చుక్క నీళ్లు. ఉందా అంటే ఉంది. కానీ ఏడుంది? కనవడదు. పాలే అయితది."

పాల మాట వచ్చేసరికి యాదమ్మ తలెత్తింది. "అయ్యగారూ, నీళ్లు కలిస్తే నాకు తెలుస్తది. చుక్కయినా తెలుస్తది. నీళ్లు పాలయినయి అంటే గిరాకీలు తంతరు నన్ను."

ఒక పెద్దాయనకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. అయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"ఎవలు చెప్పిన్రు నీకు ఈ మాట?"

"ఎవలు చెప్పలే. నాకే అనిపించింది."

నావైపు చూడను కూడా చూడలేదు ఆమె. అయ్యగారు చూశారు. "బుధవారం ఈమె ఇంట్ల పాఠం చెప్పేది నువ్వే గదా తమ్మీ. నువ్వు చెప్పినవా?"

"లే అయ్యగారూ. నేను చెప్పలే."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "ఆమెకు సదువు రాదు గదా. ఏదో తప్పు సమజైనట్టుంది" అన్నాను.

ఎందుకన్నాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఉద్యోగం పోతుందనా? లేదు. ఎవరైనా కొడతారనా? లేదు. మీకు చెప్పాలంటేనే సిగ్గుగా ఉంది. ఆ మరుసటి ఆదివారం మొదటిసారి నన్ను ప్రసంగానికి నిలబెడతామన్నారు. దానికోసం తెల్ల చొక్కా కుట్టించుకున్నాను. అంతే. వందల ఏళ్లు మనుషులు ప్రాణాలకు తెగించి తేల్చిన మాటను, చావు భయంలో ఒక ఆడమనిషిని నిలబెట్టిన మాటను, ఒక తెల్ల చొక్కా కోసం కాదన్నాను. ఇలాంటివాడిని ఏమనాలి మీరే చెప్పండి. నాకు నేను పెట్టుకున్న పేర్లు ఇక్కడ రాయలేను.

ఆదివారం ప్రసంగించాను. బాగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు.

యాదమ్మకు శిక్ష ఏమిటంటే, సంఘం ముందు నిలబడి తప్పు మాట్లాడానని ఒప్పుకునే దాకా ప్రభు బల్లకు దూరం. నెల మొదటి ఆదివారం మాకు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. రొట్టె ముక్కల పళ్లెం వరస వరసకు తీసుకెళ్లే పని నాది. ఆ నెల ఆమె చివర్లో, చెప్పులు విడిచే చోట కూర్చుంది. నేను దగ్గరికి వెళ్లేసరికి అలవాటుకొద్దీ రెండు చేతులూ చాచింది. నేను పళ్లెం వెనక్కి తీసుకున్నాను. చేతులు ఒక్క క్షణం అలాగే ఉండిపోయాయి. తర్వాత కొంగుతో తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు. నేను పక్కామెకు ఇచ్చాను.

ఒక్కసారి కాదు. పదకొండేళ్లు. వేరే సంఘానికి పోవచ్చు కదా అని మనసులో తిట్టుకునేవాడిని ఆమెను. పోలేదు. షేర్ ఆటో ఎక్కి వచ్చేది, చివర్లో కూర్చునేది, పాటలు పాడేది. ఒప్పుకోమని ఆడవాళ్లు చెబితే, ఆయన భయపడలేదని ఎట్ల చెప్పాలె అనేదట. ఆ లొల్లి మనకెందుకని ఆమెతో మాట్లాడేవాళ్లు తగ్గారు. నేను నాలుగో ఏట సంఘ పెద్దనయ్యాను. ఆరో ఏట అయ్యగారు చనిపోయారు, వేరే పాస్టరు రాలేదు. అప్పటినుంచి బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచేది నేనే.

ఇక్కడే నాకు నా మీద అసహ్యం పుడుతుంది. అయ్యగారు ఉన్నన్నాళ్లూ ఆయన మీద నెట్టుకున్నాను. ఆయన పోయాక ఎవరి మీద నెట్టాలి? ఒక్క మాటతో ఆమెను ముందుకు పిలవగలిగేవాడిని. పిలిస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే నా అబద్ధం బయటపడుతుంది. అందుకని శిక్షను అలాగే ఉంచాను. సంఘం క్రమం అన్నాను దానికి. ఎంత గొప్ప మాట దొరికిందో చూడండి.

పోయిన ఏడాది గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఒక నెల మొదటి ఆదివారం ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని ఆమెను మెట్లెక్కించారు. చెప్పుల దగ్గర కూర్చోలేదు. ముందుకు తీసుకురమ్మంది. సంఘం ముందు నిలబడింది. మనిషి సగమైపోయింది.

"తప్పు మాట్లాడిన. నన్ను మన్నించుండ్రి" అంది.

రొట్టె కావాలి ఆమెకు. చచ్చిపోయే లోపల ఒక్కసారి. దానికోసం పదకొండేళ్లు అననని పట్టుబట్టిన మాట అనేసింది. అందరూ నావైపు చూశారు. క్షమించామని చెప్పవలసింది నేనే కదా. సంఘ పెద్దను.

అప్పుడైనా నోరు తెరవాలి. తప్పు ఆమెది కాదు, ఆ మాట నాది, అసలది తప్పే కాదు అని అరవాలి. యాభై మంది. రెండు నిమిషాల పని. నేనేం చేశానో తెలుసా? "ప్రభువు నిన్ను క్షమించాడమ్మా" అన్నాను. నా అబద్ధానికి ఆమెతో క్షమాపణ చెప్పించుకుని, దాన్ని పెద్దమనసుతో స్వీకరించాను. కొందరు స్తోత్రం అన్నారు.

రొట్టె చేతిలో పెట్టాను. ఆమె తల దించుకునే, నాకు మాత్రమే వినపడేలా అంది. "ఫికర్ చెయ్యకు అన్నా. నేనెవ్వలకు చెప్పలే."

తిట్టి ఉంటే బాగుండేది. ముఖాన ఉమ్మేసినా బాగుండేది. ఆ మాటకు నాకొచ్చినంత కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. మూడు వారాలకు చనిపోయింది. సమాధి దగ్గర వాక్యం చెప్పిందీ నేనే. చివరి రోజుల్లో తప్పు తెలుసుకుని తనను తాను తగ్గించుకున్న సోదరి అని చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా మొండికేస్తే మావాళ్లు యాదమ్మను చూసి నేర్చుకోమంటారు. నేను వింటూ కూర్చుంటాను.

ఆయనే భయపడ్డాడు కదా, నువ్వు భయపడితే ఏమైంది అని మీకు అనిపించవచ్చు. నేనూ ఈ మాటతో నన్ను నేను చాలాసార్లు ఓదార్చుకోబోయాను. దయచేసి అనకండి. ఆయన భయపడి తోటలోనే ఉన్నాడు, వచ్చి పట్టుకునే దాకా. నేను భయపడి ఒక జబ్బు మనిషిని ముందుకు తోసి ఆమె వెనక దాక్కున్నాను. ఆ భయం పేరు చెప్పి నాకు క్షమాపణ తెచ్చిపెట్టకండి. నాకది దక్కదు.

యేసు భయపడ్డాడని యాదమ్మకు చెప్పింది నేనే. పన్నెండేళ్లలో ఈ వాక్యం మొదటిసారి రాశాను. రాశాక గుండె కాస్త తేలికపడింది, అబద్ధం చెప్పను. ఆ తేలికను చూస్తే ఇంకా కోపం వస్తోంది. వచ్చే ఆదివారం నెలలో మొదటిది. రొట్టె విరిచేది నేనే. నువ్వు ఈ బల్లకు తగవని నన్ను ఆపగలిగిన మనిషి మా సంఘంలో ఒక్కతే ఉండేది, ఆమెను నేనే పూడ్చి వచ్చాను.