మునగాలలో దించిన కోళ్ల గంప

ఆ రోజుల్లో ఏ విషయమైనా ఒకసారి పేపర్లో చదివితే చాలు, అది నాకు వచ్చేసినట్టే అనుకునేదాన్ని. మిరప నారు పోయడం, పాముకాటుకు ప్రథమ చికిత్స, కుక్కర్ గాస్కెట్ మార్చడం, అన్నీ నాకు తెలుసు (ఒక్కటీ చేసి ఎరగను). పెళ్లై ఏడాది కూడా కాలేదు. కోదాడ పిల్లను, సూర్యాపేట కోడలిని. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనేది కాదు గానీ, ఏ పనీ నా చేతికి ఇచ్చేది కాదు. నేను పొయ్యి మీద పాలు పెట్టినా పక్కనే నిలబడి చూసేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

అంతలో మా ఆయనకు కోదాడ బదిలీ అయింది. పుట్టిన ఊరికి పోతున్నానని నేను ఎగిరి గంతేశాను. అత్తమ్మ మాత్రం పెరట్లో తిరిగే తన ఏడు కోళ్లను చూపించి తేల్చి చెప్పేసింది. "ఇవి వస్తెనే నేనొస్త. దారిల ఒక్కటి తక్కువైనా ఎన్కకు మర్లుత. ఇగ మీ ఇష్టం." ఆమె అన్నదంటే చేసే మనిషి. కాళ్లు కట్టి సంచిలో వేసుకుపోదామని ఆమె ఆలోచన. నేను అడ్డం పడ్డాను. "కాళ్లు కడితే వాచిపోతాయి అత్తమ్మా. పేపర్లో రాశారు. నాకు వదిలేయండి" అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "సరే, కోళ్లు నీ జిమ్మ" అంది. ఏడాదిలో ఆమె నాకు అప్పగించిన మొదటి పని అది.

ఇక చూడండి నా హడావుడి. పెద్ద వెదురు గంప తెప్పించి అడుగున వరిగడ్డి పరిచాను. పొద్దున గింజలు వేయనివ్వలేదు, నీళ్లు మాత్రమే పెట్టాను. చీకటిగా ఉంటే కోళ్లు గొడవ చేయవట, అందుకని పైన తడిపిన గోనెపట్టా కప్పాను. తప్పిపోతే గుర్తుపట్టడానికి, అత్తమ్మ తన పాత పసుపు రంగు చీర అంచు చింపి ఒక్కో కోడి కాలికి ఒక్కో పేలిక కట్టింది. "మనుషులకు గూడ గింత జెయ్యరు" అని గొణుక్కుంటూనే కట్టింది. కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తం దాటకూడదని మా ఆయన బండి మీద ముందే వెళ్లిపోయాడు. సామాను ఎక్కించిన డీసీఎం వ్యానులో డ్రైవర్ పక్కన నేనూ అత్తమ్మా కూర్చున్నాం.

సగం దారిలో నీడన దించి నీళ్లు పెట్టాలని కూడా పేపర్లో ఉంది. మునగాల దగ్గర దాబా కనబడగానే ఆపమన్నాను. "కోళ్లకు చాయ్ గూడ తాపిస్తవా అక్కా?" అంటూనే డ్రైవర్ గంప దించాడు. అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు వెతికి, దాబా వెనక గోడ వారన పెట్టించాను. అత్తమ్మ, డ్రైవర్ ముందు వైపు చాయ్ తాగుతున్నారు. నేను బోరింగు కొట్టి గిన్నెలో నీళ్లు పట్టుకుని వచ్చేసరికి గంప ఉంది, కోళ్లు లేవు.

నేను ఏరికోరి పెట్టించిన ఆ చల్లటి చోటు వంటగది గుమ్మం. నాటుకోళ్లు తెచ్చేవాడు రోజూ గంప దించేదీ అక్కడేనట. "ఇయ్యాల జర జల్దీ దించిండనుకున్న అమ్మా" అన్నాడు వంటాయన. అప్పటికే మావాటిని తన జాలీ గూట్లో వదిలేశాడు. పొయ్యి మీద నీళ్లు సలసల కాగుతున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

అత్తమ్మ పరుగున వచ్చింది. గూటి ముందు కూర్చుని, గింజలు వేసేటప్పుడు పిలిచే పిలుపు పిలిచింది. లోపలున్న ఇరవై చిల్లర కోళ్లూ లేచి ఆమె ముందుకే వచ్చాయి. (కోళ్లను పస్తు పెట్టేది నేనొక్కదాన్నే కాదన్నమాట.) "పసుపు పేలిక సూసి పట్టు" అంది. నేను ఆ చీకటి గూట్లో సగం వరకూ దూరాను. పసుపుగా కనబడిన కాలునల్లా పట్టి లాగాను. జుట్టునిండా ఈకలు. బయట డ్రైవర్ హారన్, ఫోన్లో ముహూర్తం దాటిపోతోందని మా ఆయన. లెక్క చూసుకునే తీరిక లేకుండా గంప ఎక్కించాం. ఒక్కటి తక్కువైతే ఆమె ఇదే బండిలో వెనక్కి పోతుందని కోదాడ దాకా నాకు ఒకటే భయం.

కొత్త ఇంటి పెరట్లో గోనెపట్టా తీశాను. అత్తమ్మ ఒక్కొక్కటే బయటికి వదులుతూ లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగలేదు. ఎనిమిదోది నల్ల పెట్ట. కాలికి పేలిక లేదు, కాళ్లే పసుపుపచ్చగా ఉన్నాయి.

"రేపు బస్సులో పోయి ఇచ్చేసి వస్తాను అత్తమ్మా" అన్నాను సిగ్గుతో.

"ఇచ్చినంక ఆళ్లేం జేస్తరే? ముద్దు జేస్తరా?" అని, అత్తమ్మ మిగిలిన చీర అంచు చింపి దాని కాలికి కూడా ఒక పేలిక కట్టింది. "ఇగ మనదే. పో, పాలు పొయ్యి మీద పెట్టు." లోపలికి వెళ్లి పెట్టాను. ఆమె పక్కన వచ్చి నిలబడలేదు.

ఆ తర్వాత సూర్యాపేట బస్సులో ఎప్పుడు పోయినా, మునగాల రాగానే మేమిద్దరం కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకునేవాళ్లం, ఆ వంటాయన మా కోసమే రోడ్డు మీద కాపలా ఉన్నట్టు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దాబా పోయింది. అత్తమ్మ కూడా పోయింది. అయినా ఇప్పటికీ మునగాల వస్తే నా చెయ్యి కొంగు మీదికి పోతుంది. పక్క సీటు వైపు చూసి, ఆమె కూడా కప్పుకుందా లేదా అని వెతుక్కుంటాను.