పట్టాలకు పోసిన నూనె

మొన్న కందిపప్పులో రాళ్లు ఏరుకుంటుంటే, నా కొడుకు బిడ్డ ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టి, అమెరికాలో అపలాచియా అనే కొండల్లో వెనకటి రోజుల్లో చెట్లు నరికి, ఆ దుంగలను కిందికి దించడానికి అడవిలోనే పట్టాలు పరుచుకున్నారని చూపించి, "బాపమ్మా, కట్టెలకు గూడ రైలంట!" అని తెగ ఆశ్చర్యపోయింది. నాకు ఒళ్లు మండింది. దాని తాత చేసిన నిర్వాకానికి అలాంటి పట్టాలను ఈ చేతులతో తోమినదాన్ని, నాకా చూపించేది?

తొంభైల్లో సంగతి. మా ఆయన మేం బతకడానికి వలసొచ్చిన ఈ భివండీలోనే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. ఒక వానాకాలం గిరాకీ లేక కార్ఖానా మూతపడితే, ఈ ఊళ్లోనే కనేరి అనే పేటలో ఒక కట్టెకోత మిల్లులో కూలికి కుదిరాడు. లారీలు పైన దించిన దుంగలను కింద రంపం దాకా చేర్చడానికి ఏటవాలుగా పాత పట్టాలు, వాటిమీద ఇనుప చక్రాల ట్రాలీ. ఇద్దరు తోస్తే మూడోవాడు చక్రానికి కట్టె అడ్డంపెట్టి ఆపేవాడు. కూలితోపాటు రోజూ ఒక సంచి రంపపు పొట్టు ఇచ్చేవారు. పొట్టు పొయ్యి మీకూ గుర్తుండే ఉంటుంది: డబ్బాలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లగా లాగేస్తే మిగిలిన బొక్కలో మంట. ఆ పని పోతే కూలీ పోతుంది, పొయ్యీ ఆరుతుంది.

అంత తెలిసీ ఆయన ఊరుకున్నాడా? సాంచాల మనిషికి ఏ రోగానికైనా నూనే మందు. ట్రాలీ కీచుమంటోందని, ఎవరినీ అడగకుండా నూనెడబ్బా పట్టుకుపోయి, చక్రాల ఇరుసులకు పోసినవాడు అంతటితో ఆగక పట్టాల పొడవునా పోశాడు. మొదటి దుంగ ఎక్కగానే ట్రాలీ కదిలింది. అడ్డంపెట్టిన కట్టె చక్రాన్ని ఆపింది గాని, ఆగిన చక్రమే నూనెమీద జారుకుంటూ పోయి రంపపు బల్లను గుద్దింది. అక్కడ రంపం నడిపే ముసలాయన పక్కకు దూకబట్టి బతికాడు. యజమాని మన జిల్లావాడే అయినా, రేపటినుంచి రావద్దన్నాడు.

ఈయన ఇంటికొచ్చి, "చప్పుడైతుందని జర నూనె పోసిన" అన్నాడు. తెల్లారి పొయ్యిలోని బూడిద తట్టకెత్తుకుని, కొబ్బరిపీచు పట్టుకుని మిల్లుకు పోయి, జిడ్డు గిన్నెలు తోమినట్టు పట్టాలను తోమడం మొదలుపెట్టాను. యజమాని బయటికొచ్చి, "ఏందక్కా గిది, జనం నవ్వుతున్నరు" అన్నాడు.

"నవ్వనియ్యి. నేను తోముత, నువ్వాయన్ని పనిల పెట్టుకో."

మా ఆయన ముందర నీళ్లు పోస్తూ నడిచాడు. మధ్యాహ్నం దాకా నేను ఆయన ముఖం చూడలేదు. చివరికి దుంగ ఎక్కించి చూస్తే, కట్టె పెట్టగానే ట్రాలీ నిలబడింది. "రేపు రమ్మను. డబ్బా మాత్రం ఇంట్ల పెట్టి రమ్మను" అన్నాడు యజమాని.

తరువాత ఒకరోజు ఆ ముసలాయనే నాతో, "ఇరుసులకు పోసింది మంచిదేనమ్మా, ఉత్త ట్రాలీని ఇప్పుడు ఒక్క మనిషే పైకి తోస్తున్నడు" అన్నాడు.

ఇప్పుడక్కడ మిల్లు లేదు, గోదాము లేచింది. సరుకును యంత్రాలే ఎత్తి దించుతున్నాయి. మా పిల్లలు ఇంట్లో ఏది చెడినా ఫోను చేసి మనిషిని పిలిపిస్తారు, తాము చెయ్యి పెట్టరు, కాబట్టి నాకు తిట్టే పని కూడా తగ్గింది. ముసలాయన చెప్పిన ఆ మాటను మా ఆయన చెవిన వేయడానికి, ఆయన పోయేలోపు, నాకు ఇరవై ఏళ్లు దొరికాయి. పట్టాల నూనె గురించి ఆ ఇరవై ఏళ్లూ దెప్పాను. ఇరుసుల గురించి ఒక్కనాడూ అనలేదు.