పిడక తగిలిన కన్ను

ఆస్పరి పక్కన మా పుట్టినూళ్ళో ఉగాది మరుసటి రోజు పిడకలతో కొట్టుకుంటారు. స్వామి తరఫున ఒక వర్గం, అమ్మవారి తరఫున ఇంకో వర్గం. దెబ్బ తగిలినవాళ్ళు గుళ్ళో విభూతి పూయించుకుని ఇంటికి పోతారు. ఆ దెబ్బకు ఆసుపత్రికి వెళ్ళడమంటే దేవుణ్ణి నమ్మనట్టే లెక్క.

ఆ ఏడు పిడక మా అన్న కంటికే తగిలింది. పూజారి విభూతి పూసి, తప్పకుండా మానిపోతుందని గట్టిగా చెప్పి పంపాడు. మర్నాడు అన్నకు ఆ కంట్లో అంతా మసకే. పండక్కి ఆదోని నుంచి వెళ్ళిన నేను పట్టుబట్టాను.

"నాతోపాటు ఆదోనికి రాన్నా. డాక్టరుకు సూపిద్దాం."

"పూజారి మాట కాదని పోతే ఊళ్ళో తలెత్తుకుంటానా?"

అమ్మా అన్నకే వంత పాడింది. నాకు ఒళ్ళు మండింది. "అయితే గుడ్డోనివై కూసో. సెయ్యి పట్టుకుని నడిపించేకి నేను రాను," అని విసురుగా వచ్చి బస్సెక్కాను. కాసేపటికి తిరిగి చూస్తే వెనక సీట్లో అన్న, కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

కంటి డాక్టరు మిషన్లోంచి చాలాసేపు చూశాడు. "లోపల రక్తం చేరింది. చుక్కలు వేసుకుని, తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. చూపు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను. రోజూ వచ్చి చూపించండి," అన్నాడు.

పూజారేమో అంత గట్టిగా చెప్పాడు, ఇంత చదివినాయన చెప్పలేనంటాడు. ఈ మాట కోసమా నేను అంత గొడవ చేసింది? అన్న మాత్రం నెమ్మదిగా ఉన్నాడు.

"తెలీంది తెలీదన్నాడు సూడు. ఆయప్ప సెప్పినట్లే పడుకుంటాలే."

మా ఇంట్లోనే మంచం తలవైపు ఇటుకలు పెట్టి పడుకోబెట్టాం. అమ్మ కూడా ఊరు నుంచి వచ్చి, రోజూ దండం పెట్టుకుని మరీ చుక్కలు వేసేది. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

ఒక ఉదయం అన్న బాగున్న కన్ను అరచేత్తో మూసుకుని నన్నే తేరిపార చూశాడు.

"ఏమ్మే, తల దువ్వుకోల్యా?"

దువ్వుకోలేదు. అక్కడే కూలబడి హాయిగా ఏడ్చాను. ఇక భయం లేదని ఆ రోజు డాక్టరు కూడా చెప్పాడు.

మళ్ళీ ఉగాదికి అన్న బండి హెల్మెట్ పెట్టుకుని కొట్లాటకు దిగాడు. ఊరంతా నవ్వింది. ఇంటికొచ్చాక అమ్మ గుడి నుంచి తెచ్చిన విభూతి అన్న నుదుటికి పూసింది, పొడి కళ్ళలో రాలకుండా ఎడంచెయ్యి అడ్డం పెట్టి.