ఐదో మాట, అమ్మమ్మ చెలమ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. నందిగామ బస్సు పది నిమిషాలు లేటైతే కోపం, వచ్చాక సీటు దొరక్కపోతే కోపం, దొరికిన సీట్లో పక్కావిడ "పెళ్లెప్పుడమ్మా?" అంటే మరీ కోపం. ఇరవై రెండేళ్ల వయసు, నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా సైన్సు టీచరు ఉద్యోగం, చేతిలో ఎర్ర సిరా పెన్ను. లోకంలో కనిపించిన ప్రతి తప్పునీ దిద్దే బాధ్యత నాదేననుకునేదాన్ని. కానీ ఆ ఏడు గుడ్ ఫ్రైడే నాడు మా జగ్గయ్యపేట గుళ్లో నాకొచ్చిన కోపం మాత్రం అలాంటి చిల్లర కోపం కాదు. న్యాయమైన కోపం. ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నా ఒళ్లు మండుతోంది, వినండి.

మా బిషప్పు గారి సంఘాల్లో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై సరిగ్గా మూడింటికి ముగియాలి. సిలువ మీద ప్రభువు పలికిన మాటలు ఏడు కాబట్టి ఏడుగురు మనుషులు తలా ఒక మాట మీద పావుగంట చొప్పున మాట్లాడతారు. మధ్య మధ్య పాట, ప్రార్థన. మూడు కొట్టగానే గుడిగంట మోగుతుంది, అందరూ మౌనంగా లేచి బయటికి నడుస్తారు. అప్పటిదాకా ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టరు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చూడండి! తీరా జరిగేదేమిటంటే, మొదటి మాట దక్కిన పెద్దమనిషి ఏడు మాటలూ తనే చెప్పేస్తాడు. రెండో ఆయన మిగిలిన ఆరూ చెబుతాడు. చివరాయన వంతు వచ్చేసరికి చెప్పడానికి ఆయనకేమీ మిగలదు, వినడానికి మాకు ప్రాణాలు మిగలవు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలైన బుధవారం నాడు అయ్యగారు (పాస్టరు గారిని మేమలాగే పిలుస్తాం) మాటల జాబితా చదివారు. ఐదో మాటకి నా పేరు! మా గుళ్లో ఒక ఆడమనిషికి మాట ఇవ్వడం అదే మొదలు. మా అమ్మ చాప మీద కూర్చున్నదల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే గాల్లో తేలుతూ బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటున్నాను. అవతల మా సెక్రటరీ బాబాయి (సంఘం సెక్రటరీ, వరసకి నాకు బాబాయి) ఎవరితోనో అంటున్నాడు: "ఐదోది దాహమేస్తంది అనే మాటేగా. ఏడిట్లోకీ పొట్టిది. ఆడపిల్లకి సరిపోద్దిలే." ఇంకేముంది! ఆ ఒక్క ముక్కతో నలభై రోజులు నిద్ర మానేశాను. బస్సులో రాశాను, స్టాఫ్ రూమ్‌లో రాశాను, రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. ఆ పొట్టి మాటలో ఎంత ఉందో మీ అందరికీ చూపిస్తా ఉండండి అనుకున్నాను.

చూపించడానికి నా దగ్గర మంచి సరుకే ఉంది. అది మా అమ్మమ్మది. అమ్మమ్మ పెనుగంచిప్రోలులో ఉండేది, మిరపకోతలకి పోయేది. వేసవిలో మునేరు ఎండిపోయినప్పుడు ఇసకలో చేతులతో గుంట తవ్వి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడుకునేవాళ్లట. దాన్నే చెలమ అంటారు. చిన్నప్పటినుంచీ ఆ చెలమ కబుర్లు వింటూ పెరిగాను కాబట్టి నా ప్రసంగమంతా దాని చుట్టూనే అల్లాను. సంగతి తెలిసి అమ్మమ్మ "నా మనవరాలు పైనెక్కి మాట్లాడుద్దంట" అని వాళ్ల పేటంతా చాటింపు వేసింది. గుడ్ ఫ్రైడే పొద్దున్నే ఆటోలో దిగిపోయింది. ఉపవాసంతో, కొత్త చీరతో, ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద నన్ను తినేసేలా చూస్తూ కూర్చుంది. చదువు రాని మనిషి, తన రక్తం ఆ ఎత్తు పీటెక్కి మాట్లాడితే చెవులారా వినాలని వచ్చింది. నాకు భయమేసింది ఆ జనాన్ని చూసి కాదు, ఆవిణ్ణి చూసి.

మొదటి మాట మా నాన్‌స్టాప్ మాస్టారిది. రిటైరైన హెడ్మాస్టరు. ఎక్కడా ఆగని విజయవాడ బస్సు పేరు ఆయనకి పిల్లలు పెట్టారు, పెద్దలు ఖాయం చేశారు. క్షమాపణ గురించి చెప్పాల్సిన మనిషి ఆదాము దగ్గర బయలుదేరారు. నోవహు ఓడ ఎక్కారు, ఐగుప్తు వెళ్లొచ్చారు, ఎర్ర సముద్రం దాటారు. పావుగంట కాగానే బల్ల మీది చిన్న గంట కొట్టాల్సింది సెక్రటరీ బాబాయి. కొట్టడే! నేను కిందనుంచి కళ్లతో సైగ చేస్తే గుసగుసగా అంటాడు కదా, "మాస్టారి దగ్గర చదువుకున్నోణ్ణి, ఆయన మీద గంట కొడతానా? చేతులు విరగ్గొట్టడూ!" (సంఘంలో సగంమంది ఆయన దెబ్బలు తిన్నవాళ్లే. ఆ భయంతోనే ఇన్నేళ్లూ ఆయనకి మొదటి మాట ఇస్తున్నారని నా అనుమానం.) ఆయన దిగేసరికి ఒంటిగంటా పది. రెండో మాట, మూడో మాట కూడా ఏం తక్కువ తినలేదు. రెండు దాటింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల ఫ్యాన్లు వేడిగాలిని ఇటుదటు తోస్తున్నాయి, పసిపిల్లలు ఏడుస్తున్నారు. అయినా నా కాగితాలు గట్టిగా పట్టుకుని, ఇంకొక్కరేగా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఇంకొక్కరూ మా బ్యాంకు అంకుల్. మంచి మనిషి, మెత్తని మనిషి, ఇంగ్లీషు కూడా వచ్చు. అందుకే ముందు ఆదివారం నా కాగితాలు పట్టుకెళ్లి "అంకుల్, ఒకసారి చూసి తప్పులుంటే చెప్తారా అండి?" అని నా చేతులతో నేనే ఇచ్చాను. రెండురోజులు ఉంచుకుని "బ్రహ్మాండంగా ఉందమ్మాయ్, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు" అని తిరిగిచ్చారు. నిజంగానే ఒక్క అక్షరం మార్చలేదండీ ఆయన! దేవుడు చెయ్యి విడిచాడా అనే నాలుగో మాట ఎత్తుకుని, గొంతు సవరించుకుని, "ప్రియులారా, ఎండాకాలం మన మునేరు చెయ్యి విడిచేస్తుంది. అప్పుడు మా అమ్మ ఇసకలో చెలమ తవ్వేది" అన్నారు. నా చెవులు నేను నమ్మలేకపోయాను. గోళ్లలో ఇసక నాది. తడి తగిలినప్పుడు వేళ్లకొచ్చే ప్రాణం నాది. ఊట తేటపడేదాకా ఓపిక పట్టడం నాది. వరసగా, నేను రాసుకున్న చోటే ఆగుతూ, నేను గీత గీసుకున్న చోటే గొంతు పెంచుతూ, నా పేజీలు ఒకదాని తర్వాత ఒకటి నా కళ్లముందే అప్పజెప్పేస్తున్నారు! ఇది దొంగతనం కాదూ? అదీ ప్రభువు పక్కన సిలువ వేసిన దొంగ గురించి అప్పుడే రెండో మాటలో అరగంట విన్న జనం ముందు!

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లేచి అరవాలనిపించింది కానీ, గుడ్ ఫ్రైడే, గుడి, పెద్దాయన, నేను ఆడపిల్లని. కాగితాలు ఒళ్లో నలుపుకుంటూ కూర్చున్నాను. మొదటి చాప మీదనుంచి మాత్రం ఒక గొంతు ఖంగుమంది. "ఓరయ్యా, ఆ చెలమ నాది!"

అమ్మ "అమ్మా, కూర్చోవే!" అని చీర లాగుతోంది. అమ్మమ్మ లేచి నిలబడే ఉంది. "మీ యమ్మని నేనెరగనా? బెజవాడ మనిషి. ఇంటి ముందు పంపు తిప్పితే నీళ్లొచ్చేయి. ఆ మహాతల్లి చెలమ ఎప్పుడు తీసిందయ్యా?" మగవాళ్ల వైపు ఎవరో పకాలున నవ్వారు. దాంతో గుడ్ ఫ్రైడే అని కూడా చూడకుండా గుడంతా నవ్వింది. బ్యాంకు అంకుల్ మొహం కందగడ్డైంది. "ఉదాహరణకి చెప్పానండి" అని ఏదో గొణిగి ఆమెన్ కూడా అనకుండా దిగిపోయారు.

గడియారం చూస్తే మూడుకి ఇరవై నిమిషాలు తక్కువ. ఇంకా మూడు మాటలున్నాయి. అయ్యగారు నా దగ్గరికి వంగి "అమ్మాయ్, రెండు నిమిషాల్లో ముగించమ్మా. లేదంటే ప్రార్థన చేసి దిగిపో, దేవుడు నీ మనసు చూస్తాడు" అన్నారు. రెండు నిమిషాలా! మాస్టారికి గంటా పది, నాకు రెండు నిమిషాలా! పైకెక్కాను. కాగితాలు విప్పాను. ఏం చదవను? నా చెలమంతా ఇప్పుడే విన్నారు అందరూ. ఇంకో ముక్క చదివితే నేనే అంకుల్‌ని కాపీ కొట్టినట్టుంటుంది. ఎదురుగా అమ్మమ్మ, నోరు కొద్దిగా తెరుచుకుని, నా పెదాల వంకే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేకపోయాను. "ఈ మాట గురించి నాకన్నా బాగా తెలిసిన మనిషి ఇక్కడుంది. అమ్మమ్మా, నువ్వు చెప్పు" అనేశాను. భక్తితో అన్నాననుకునేరు. ఉక్రోషంతో అన్నాను.

అమ్మమ్మ చాప మీదే నిలబడి మొదలుపెట్టింది. "మునేట్లో పైన పెద్దోళ్ల చెలమ, కింద మాది. వాళ్ల చెలమలో మమ్మల్ని చెయ్యి పెట్టనిచ్చేవోళ్లు కాదు. అప్పుడు ఈ పిల్ల తల్లి నా కడుపులో ఉంది. మిరపకోత నుంచొచ్చి, నాలిక పిడచగట్టుకుపోయి, కాసిని పొయ్యండమ్మా అన్నా. వాళ్లలో ఒకామె ఉండు పోస్తా అంది. బిందెలన్నీ నింపుకున్నారు, ఎల్లిపోయారు. నేను కింద కూర్చుని తవ్వుకున్నా. గోరు ఊడింది, నీళ్లు పడినయ్యి. నాలుగు రోజులకి వాళ్ల చెలమ ఎండింది. ఆమే బిందె పట్టుకుని నా కాడికొచ్చింది." సెక్రటరీ బాబాయే ఆగలేక "పోశావా మామ్మా?" అనడిగాడు. "పొయ్యకేం? ముందు కాసేపు నిలబెట్టా. తర్వాత పోసా" అంది అమ్మమ్మ. "ప్రభువైతే నిలబెట్టకుండా పోసేవోడు. నేను ఆయన్ని కానుగా. ఇప్పటికీ ఆమె ఎండలో నిలబడ్డది గుర్తొస్తే నాకు ముద్ద దిగదు" అని కళ్లొత్తుకుంది.

అమ్మమ్మ అక్కడితో ఆపి కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! కూర్చోలేదు. ఆ బిందె ఎవరిదో, ఆమె కూతుర్ని ఎక్కడిచ్చారో, ఆ ఏడు మిరప ఎలా కాసిందో, మా తాతయ్యకి జ్వరమెప్పుడొచ్చిందో అన్నీ చెప్పింది. ఆవిడ ఇంకా చెబుతుండగానే మూడు కొట్టింది, గుడిగంట మోగింది. ఆరో మాట పోయింది. ఏడో మాట కోసం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన సెక్రటరీ బాబాయి కాగితం జేబులోనే నలిగిపోయింది. బయట వేపచెట్టు నీడన మజ్జిగ గ్లాసుతో నాన్‌స్టాప్ మాస్టారు అంటున్నారు కదా, "మాట్లాడేవాళ్లకి టైము మీద అదుపుండాలండీ!" ఆ గ్లాసు నా చేతిలో ఉంటే ఏం జరిగేదో చెప్పలేను.

దారిపొడుగునా అమ్మమ్మని అందరూ ఆపి ఆపి మెచ్చుకున్నారు. నేను మాత్రం మూతి ముడుచుకుని నడిచాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాక పట్టలేక పేలిపోయాను. "నలభై రోజులు రాసుకున్నా. ఆయన సగం తినేశాడు, మిగతా సగం నువ్వు తినేశావు!" అమ్మమ్మ తెల్లబోయింది. "నేను చెప్పింది నాకు తెలిసిందేగా అమ్మడూ. అది ఇనడానికి ఆటో ఎక్కి వస్తానా? నువ్వేం చెప్తావో ఇందామనొచ్చా. నువ్వేమో నన్ను లేపి నిలబెట్టావు" అంది. ఆ మాటకి నా కోపం ఎటుపోయిందో తెలియదు. కాగితాలు తీసుకొచ్చాను. మంచం మీద కూర్చోబెట్టి, గుళ్లో నిలబడాల్సినట్టే నిలబడి, "ప్రియ సంఘమా" అని మొదలుపెట్టాను. రెండో పేజీ తిప్పేసరికి గుర్రు వినిపించింది. ఊరుకుంటానా? ఎవడికిస్తాను నా ఐదో మాట! చివరి అక్షరం దాకా చదివి తలెత్తితే గడియారంలో గంటా పది నిమిషాలు జరిగిపోయాయి. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ ఒకసారి గడియారాన్ని, ఒకసారి నన్ను చూసింది. అమ్మమ్మ కళ్లు తెరిచి, "అయిపోయిందా? ఎంత బాగా చెప్పావే, ఒక్క ముక్క పోకుండా విన్నా" అంది.

ఆ తర్వాత ఆ గుళ్లో చాలాసార్లు మాట్లాడాను, మెప్పులూ విన్నాను, విసుగులూ చూశాను. కానీ కోపమొచ్చినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. గురకపెట్టి నిద్రపోతున్న ఒక్క ముసలమ్మ ముందు చేతులు ఊపుతూ, గీత గీసుకున్న చోటల్లా గొంతు పెంచుతూ, గంటా పది నిమిషాలు మాట్లాడి, చివర్లో ఆమెన్ కూడా తనే చెప్పుకుంది, పిచ్చిది.