కొంగు చాటు పిలుపు

తొంభైలలో ఒకసారి హిందూపురం నుంచి ధర్మవరం మీదుగా వెళ్లే ప్యాసింజర్లో నా ఎదుట ఒక అవ్వ, నాలుగేళ్ల మనవరాలు కూర్చున్నారు. పాప వేరుశనగ గింజను చెంప దగ్గర పట్టుకుంటుంది. అవ్వ "పాపా" అనగానే గిన్నెలో వేస్తుంది.

"రేపు చెవుల డాక్టరు ఇట్లనే చేపిస్తాడంట. సద్దు వినపడితే గిన్నెలో వెయ్యల్ల. తప్పుతాదేమోనని నేర్పిస్తాండా" అంది అవ్వ.

పెనుకొండ దగ్గర రైలు గట్టిగా కూత వేసింది. పాప కదల్లేదు. అవ్వ కనుబొమలు ఎగరేసింది. గింజ గిన్నెలో పడింది.

"అవ్వా, పాప నీ ముఖం చూసి వేస్తాండాది. రేపూ ఇట్లనే వేస్తే వినపడుతాదనుకుంటారు. చెవి మిషన్ ఇయ్యరు" అన్నాను.

"ఇంట్లో పిలిస్తే వస్తాది కదప్పా" అంది అవ్వ.

అవ్వ కొంగు ముఖం మీదికి పూర్తిగా లాక్కుని, లోపల్నుంచి పిలిచింది. గింజ చెంప దగ్గరే ఉంది. మళ్లీ పిలిచింది. అవ్వ దాగుడుమూతలు ఆడుతోందనుకుని పాప నవ్వింది.

నేను ధర్మవరంలో దిగేటప్పుడు కూడా ఆ కొంగు లోపల్నుంచి పిలుపు వస్తూనే ఉంది.

ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా "పాపా" అని పిలిస్తే, గింజను గిన్నెలో వదులుతున్నట్టు నా వేళ్లు వాటంతటవే విడిపోతాయి.