లావారిస్ మోతి

బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికేవాళ్ల గుడిసెల దగ్గర సిద్దిరాములు బయస్కోపు ఆడించేవాడు. చేత్తో తిప్పే మిషను, ఒకే ఒక్క రీలు. గీతలతో గీసిన కుక్క ఒకటి కసాయి వెంట ఎముక కోసం పరుగెత్తుతుంది, అంతే కథ. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చిన మూగబొమ్మ. దానికి మోతి అని పేరు పెట్టిందీ, నోరిచ్చిందీ సిద్దిరాములు భార్య ఈరవ్వ. తెర పక్కన నిలబడి, "ఓ అన్నా, గా బొక్క ఇయ్యరాదె, నీ కాల్మొక్త!" అని ఆమె అంటుంటే, పొద్దంతా నరికి నడుములు పడిపోయినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఏ టాకీసులోనూ నేను అంత నవ్వు వినలేదు.

1961లో నిజామాబాద్ నుంచి ఆత్మారాం అనే టాకీసు మనిషి వచ్చాడు. "గీ బొమ్మ మీద హక్కు మాది. ఇంకోసారి ఆడిస్తే జైలుకే పోతవ్," అన్నాడు. పచ్చి అబద్ధం. కాని సిద్దిరాములు భయపడి వకీలు దగ్గరికి పరుగెత్తాడు. వకీలు మంచివాడే కాని, కాలు నిలవని మనిషి. కోర్టు మెట్లు ఎక్కుతూనే జవాబిచ్చాడు.

"దాని మీద హక్కు గడువు ఎన్నడో తీరింది. హక్కుదారు ఎవ్వడు లేడు. లావారిస్ మాల్ అది. ఇగ పో."

ఎవరైనా ఆడించుకోవచ్చని ఆయన ఉద్దేశం. ఆ ఒక్క ముక్క విప్పి చెబితే ఆయన సొమ్మేం పోయేది? మా దగ్గర లావారిస్ పశువును బందెలదొడ్డికి తోలుతారు, లావారిస్ శవాన్ని సర్కారు ఎత్తుకుపోతుంది. ఇంట్లో ఉంచుకుంటే దొంగతనం.

"ఇయ్యకయ్యా, మోతి మనది," అని ఈరవ్వ ఏడ్చింది.

"మనది గాదే. లావారిస్ అన్నడు వకీలు," అని సిద్దిరాములు రీలు డబ్బా తీసుకుపోయి ఠాణాలో అప్పగించాడు.

రెండేళ్లకు బస్టాండులో వకీలు ఎదురుపడి, బొమ్మ ఆడిస్తున్నావా అని అడిగాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "అరె పాగల్! ఎవ్వనిది గాదంటే అందరిది. నీది గూడ!"

సిద్దిరాములు ఠాణాకు ఉరికాడు. డబ్బా తిరిగి ఇచ్చారు. మూత తీస్తే పుల్లటి కంపు, ఎండలకు కరిగి అతుక్కుపోయిన గోధుమరంగు ముద్ద. ఈరవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అప్పటికే ఆమె ఎడపల్లి చేలలో చెరుకు కోతకు పోతోంది. మరుసటి ఏడు బండి తిరగబడి లోడంతా ఆమె మీద పడింది. దారిన పోయేవాళ్లెవరో లారీలో వేసి పట్నం దవాఖానకు పంపారు. రుద్రూర్‌లో కూలికి పోయిన సిద్దిరాములుకు కబురు ఆలస్యంగా అందింది. అతను చేరేసరికి ఆమెను చాపలో చుట్టి వరండాలో ఉంచారు. పక్కన ఇద్దరు మనుషులు తోపుడుబండి పట్టుకుని నిలబడ్డారు.

"లావారిసేనా? ఎత్తుదామా?" అని ఒకడు అడుగుతున్నాడు.

సిద్దిరాములు ఆ చాప మీద పడి రెండు చేతులా పట్టుకున్నాడు. "లావారిస్ గాదు! నాది! నాది!" అని దవాఖాన అదిరేలా అరిచాడు.

ఈసారి ఎవరికీ అప్పగించలేదు.