తోడల్లుడి మెడలో సైన్యం కార్డు

కరోనా వచ్చిన ఏడాది సూరత్‌లో జనం దగ్గుకు భయపడ్డారు, తుమ్ముకు భయపడ్డారు, పక్కింటివాడి చేతి సంచికి కూడా భయపడ్డారు. నాకు వాటన్నిటికంటే మా తోడల్లుడి మెడలో వేలాడే కార్డంటే ఎక్కువ బాధ. నీలం పట్టీ, ప్లాస్టిక్ తొడుగు, లోపల అతని ఫొటో. ఫొటోలో కూడా మాస్కు పెట్టుకునే ఉన్నాడు. మూతి కనబడకపోయినా లోపల నవ్వుతున్నాడని నాకు తెలుసు.

న్యాయంగా అయితే ఆ కార్డు నాది.

సంగతేమిటంటే, సైన్యానికి సొంతంగా వైద్య పరిశోధనశాలలు ఉంటాయి. అలాంటి ఒకచోట డాక్టర్లు, గాయం మీద వేయగానే నెత్తురు తొందరగా ఆగిపోయే గాజుగుడ్డను కనిపెట్టారు. కనిపెట్టడం వరకే వాళ్ల పని. దాన్ని తానులు తానులుగా నేయాలంటే మగ్గాలు కావాలి, మగ్గాలంటే సూరత్. కానీ లాక్‌డౌన్‌లో డాక్టర్లు ఇక్కడికి రాలేరు, వాళ్ల మాటలు ఇక్కడి మగ్గాల షెడ్లలో పనిచేసే మన తెలుగు నేతకారులకు అర్థం కావు. అందుకని మధ్యలో నిలబడి అక్కడి మాట ఇక్కడ చెప్పి, నమూనాలు నేయించి పంపే పనిని ఊళ్లోనే అడాజన్ పేటలోని ఒక ఏజెన్సీకి కాంట్రాక్టుకిచ్చారు. ఆ ఏజెన్సీకి మగ్గం గుట్టు తెలిసి, తెలుగూ హిందీ గుజరాతీ మాట్లాడగల మనిషి అవసరమయ్యాడు. మూడు భాషల్లోనూ నాకంటే ఎక్కువ మాట్లాడేవాడు మా వాడలో లేడని మా ఆవిడే ఒప్పుకుంటుంది.

అప్పటికి నేనూ తోడల్లుడూ షెడ్లు మూతపడి ఇంట్లో కూర్చున్నవాళ్లమే. ఇద్దరం మగ్గాలు బాగుచేసే మాస్టర్లమే. ఏజెన్సీ ఆఫీసులో ఒకే బల్ల ముందు, చెరో కొసన కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచారు. తెర మీద సైన్యం డాక్టరమ్మ. సన్నటి గుడ్డ నేసిన అనుభవం ఉందా అని హిందీలో అడిగింది.

ఉందా అని నన్ను అడగడమేమిటి! ఒకసారి నేను నేసిన గుడ్డ ఎంత పలచనిదంటే, తాను మొత్తం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చానని, జేబు ఖాళీ అనుకుని మా ఆవిడ చొక్కాను నీళ్లలో వేసిందని, ఆ తర్వాత బకెట్లోంచి గుడ్డ లాగుతుంటే మధ్యాహ్నం వంట ఆలస్యమైందని చెప్పాను. డాక్టరమ్మ ముఖం కదలలేదు. నెట్‌వర్క్ ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు. ఆమె వింటోంది.

తర్వాత మా తోడల్లుణ్ణి అడిగింది. అతను గొంతు సవరించుకుని, "గాజుగుడ్డ ఎప్పుడూ నేయలేదు మేడం. మీరు చెబితే నేర్చుకుంటా" అన్నాడు.

అంతే. కార్డు అతని మెడలో పడింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "గదేందయ్యా, నోరు మూసుకొని కూసున్నోనికి మాట్లాడే నౌకరి దొరికె, మాట్లాడినోడు ఇంట్ల కూసుండె" అంది. ఆమె చెల్లెలి మొగుడికే ఆ నౌకరి రావడంతో ఆమెకు బాధ సగమే. మిగతా సగం కూడా నేనే పడ్డాను.

ఇక చూడండి నా అవస్థ. తాపీ నది వంతెన మీద పోలీసులు నన్ను ఆపి, సంచిలో ఉల్లిగడ్డలు తీసి చూపించమన్నారు. నా వెనకే స్కూటర్ మీద వచ్చిన తోడల్లుడు కార్డు పైకెత్తాడు. "జవాదో, జవాదో" అని, వెళ్లనివ్వమంటూ పోలీసు తానే పక్కకు జరిగాడు. అతను అలా పోయినా బాగుండేది. బండి ఆపి, "మా అన్నే సాబ్, ఇడ్సిపెట్టున్రి" అని వాళ్ల భాషలోనే నా తరఫున చెప్పి మరీ పోయాడు. ఆ రోజు ఉల్లిగడ్డ కూర నేను ముట్టలేదు.

మనిషి చెడ్డవాడైతే నాకింత కష్టం ఉండేది కాదు. వారం వారం మాస్కులు తెచ్చి ఇచ్చేవాడు. డాక్టర్లు ఫోన్లో చెప్పినవన్నీ నాకు వివరించేవాడు, గంజి ఎందుకు ఉండకూడదో, దారం మీద చెయ్యి ఎందుకు పడకూడదో. నేను "గవన్ని నాకెర్కే తమ్మీ" అనేవాణ్ణి. ఒకసారి మా ఇంట్లో చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్తూ కార్డు తీసి గూట్లో పెట్టాడు. నేను చప్పున మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. నిజం చెప్పాలి, అది నాకే నప్పింది.

లాక్‌డౌన్ సడలాక ఊరి బయట కడోదరాలో ఒక షెడ్డు తెరిపించి, మొదటి నమూనా తాను నేయించాడు. డాక్టరమ్మే స్వయంగా చూడ్డానికి వస్తోందని తెలిసింది. నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వెళ్లాను. ఏదో ఒకటి బెడిసికొడుతుంది, దగ్గరుండి చూద్దామని వెళ్లాను.

బెడిసికొట్టింది కూడా. నేను లోపల అడుగుపెట్టేసరికి మగ్గం ఆగి ఉంది, తాను నిండి ఉంది, కత్తెర ఎవరూ పట్టుకోవడం లేదు. మనవాళ్లలో కొత్త మగ్గం మీంచి మొదటి తాను దింపేటప్పుడు గుడ్డ అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాకే కోస్తారు. షెడ్డులో అందరికంటే పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచే నేతకారుడు, పసుపు పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. మా తోడల్లుడు చేతులు జోడించి అతనికి అడ్డం నిలబడ్డాడు.

"కాకా, మరక పడితే పరీక్షల ఫెయిలయితది. మల్ల మనకు ఆర్డరే రాదు."

"అయితే కానియ్‌రా. బొట్టు లేకుంట కత్తెర వెడితే కరోనా గిట్ల వస్తె ఎవలు జిమ్మేదార్? నువ్వా? నీ మెడల బిళ్లనా?"

ఆ బిళ్ల అన్న మాటకు నా ప్రాణం ఎంత చల్లబడిందో చెప్పలేను. డాక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. యూనిఫాం కాదు, మామూలు సల్వార్. మధ్యాహ్నం లోపల నమూనా పెట్టె కట్టి ఆమె చేతికి ఇవ్వకపోతే ఈ పని వేరే ఊరికి పోతుంది. అప్పుడు కార్డూ పోతుంది.

తోడల్లుడు నన్ను చూశాడు. ముఖం వెలిగింది. "అన్నా, మంచిగొచ్చినవ్. జర నువ్వు చెప్పు, నీ మాటంటే ఇంటరు."

చెప్పాను. అతను కోరింది కాదు. బొట్టు లేని గుడ్డను ఒక కర్నల్ సాబు మోకాలికి కట్టారని, గాయం మానింది గానీ కట్టు ఊడి రాలేదని, ఆయన దాంతోనే రిటైరయ్యాడని, దాంతోనే కూతురి పెళ్లి చేశాడని, చివరికి ఇంట్లోవాళ్లు ఆ కట్టు మీదనే ప్యాంటు కుట్టించారని చెప్పాను. నవ్వుతూ వినడం మొదలుపెట్టిన నేతకారులు నవ్వడం మానేశారు. కాకా పళ్లెం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఇన్నవా? కర్నల్ సాబుకే దిక్కు లేదు, మనమెంత!"

మా తోడల్లుడికి కోపం రాలేదు. అతను నా కథంతా హిందీలో డాక్టరమ్మకు చెప్పాడు. ఒక్క ముక్క వదలకుండా, ప్యాంటుతో సహా. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మేడం, మగ్గం మీద మొదట వచ్చే కొస ముడులతో ఉంటది. అది మేం ఎట్లాగూ కోసి పారేస్తాం, పెట్టెలకు రాదు. దాని మీద పెట్టుకోవచ్చునా?"

"పారేసేదాని మీద మీరు ఏం పెట్టుకుంటే నాకేం?" అందామె.

కాకా ఆ పనికిరాని కొసకు పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, దండం పెట్టుకుని కత్తెర అందుకున్నాడు. తెల్లటి గుడ్డ మరక లేకుండా పెట్టెలోకి వెళ్లింది. మగ్గం మీద నేను ఎన్ని వేల కొసలు కోసి పారేశానో నాకే తెలియదు. అక్కడ నిలబడి కర్నల్ సాబు మోకాలి గురించి ఆలోచించినంత సేపు ఆ కొస నాకు గుర్తుకే రాలేదు. అతనికి గుర్తొచ్చింది. పైగా అడిగి మరీ చేశాడు. కడుపు ఎక్కడెక్కడ మండుతుందో ఆ రోజు నాకు పూర్తిగా తెలిసింది.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగింది. కళ్లు నవ్వుతున్నాయి. "బకెట్ మీరే కదా? కామ్‌రేజ్‌లో ఇంకో షెడ్డు మొదలుపెడుతున్నాం. మీ మాట వీళ్లు వింటున్నారు. వీరి కింద సహాయకుడిగా వస్తారా?"

"నేనే అడుగుదామనుకున్న మేడం. మా అన్న ఉంటే నాకు ధైర్యం" అన్నాడు తోడల్లుడు. మనస్ఫూర్తిగా అన్నాడు. అదే నన్ను చంపేసింది.

సరే అనడానికి నోరు తెరిచాను. 'వీరి కింద' అనే మాట దగ్గర నాలుక అడ్డం తిరిగింది. "వీలుకాదు మేడం. మంచు కొండల్లో ఇంకో పరిశోధనశాల వాళ్లు నన్ను పిలిచారు. మంచులో వెచ్చగా ఉండే దారం గురించి. నేను లేకపోతే వాళ్ల పని ఆగిపోతుంది."

"ఏ పరిశోధనశాల? అక్కడ అందరూ నాకు తెలిసినవాళ్లే."

"రహస్యం మేడం."

ఆమె తల పంకించి, నా పక్కన నిలబడ్డ ఇంకో నేతకారుణ్ణి ఆ పనికి తీసుకోమంది. నా తోడల్లుడు మాత్రం కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. "ఎంత పెద్ద సంగతి అన్నా! నాకొక్క మాట చెప్పకపోతివి" అంటూ, కరోనా సంగతి మరిచిపోయి చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడింది. చెల్లెలు అప్పటికే ఫోన్ చేసి అంతా చెప్పేసిందట, మా వాడ మొత్తానికీ తెలిసిపోయిందట. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మంచు కొండలకు వోతున్నవంట గద. స్వెటర్ గిట్ల అల్లమంటవా?"

చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఆలోచించాను. పొడుగు చేతులది కావాలన్నాను.